చలానా కట్టాలా, కోర్టుకెళ్లాలా?

ట్రాఫిక్ చలానా ఒక ఆరోపణ మాత్రమే. ఫలానా తేదీన, ఫలానా చోట, ఈ నంబరు బండి నడిపినవారు ఈ నిబంధనను ఉల్లంఘించారని పోలీసులు అంటున్నారని దాని అర్థం. ఒప్పుకుంటే రుసుము కట్టి అక్కడితో ముగించుకోవచ్చు. ఒప్పుకోకపోతే మెజిస్ట్రేటు ముందు తేల్చుకోవచ్చు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఈ రెండు దారులనూ తెరిచే ఉంచింది. మొదటిది ఫోన్‌లో రెండు నిమిషాల పని కావడంతో తప్పు లేనివారు కూడా అటే వెళ్తుంటారు. రెండో దారిలో ఏం జరుగుతుందో, ఎవరి సాయం దొరుకుతుందో తెలిస్తే ఏ చలానాను కట్టేయాలో, దేని మీద పోరాడాలో నిర్ణయించుకోవడం తేలిక.

కట్టే సొమ్ము దేనికి?

వాడుకలో జరిమానా అంటున్నా, చలానా మీద కనిపించే మొత్తం చాలా సందర్భాల్లో కోర్టు వేసింది కాదు. అది చట్టంలోని 200వ సెక్షన్ కింద వసూలు చేసే రాజీ రుసుము. కొన్ని రకాల నేరాలను కోర్టు దాకా పోనివ్వకుండా, నిర్ణీత మొత్తం తీసుకొని ముగించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వం కొందరు అధికారులకు ఇవ్వవచ్చు. ఎంత తీసుకోవాలో కూడా రాష్ట్రమే నిర్ణయిస్తుంది. అందుకే ఒకే తప్పుకు చలానా మొత్తం రాష్ట్రానికీ రాష్ట్రానికీ మారుతుంది. 2019లో కేంద్రం చట్టాన్ని సవరించి శిక్షలు పెంచాక, ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో తన రుసుములను పెంచింది. తెలంగాణ ప్రభుత్వం పేరుకుపోయిన పాత చలానాలను వసూలు చేసుకునేందుకు 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరు చివర్లో మరోసారి భారీ రాయితీలు ప్రకటించింది. రెండోసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం తగ్గించింది. కోర్టు తీర్పుతో పడిన జరిమానాకు ఇలాంటి రాయితీ వర్తించదు.

రుసుము కట్టేస్తే ఆ నేరం మీద ఇక కేసు నడవదు. అయితే 2019 సవరణ ఇక్కడ ఒక మెలిక పెట్టింది. రాజీ చేసుకున్న తప్పును కూడా లెక్కలో ఉంచుతారు. మళ్లీ అదే తప్పు చేస్తే దాన్ని రెండోసారిగానే చూస్తారు. రెండోసారి శిక్ష చాలా సెక్షన్లలో ఎక్కువ. లైసెన్సు మీద తీసుకునే చర్యను కూడా రాజీ రుసుము ఆపలేదు. కాబట్టి చేయని తప్పుకు ‘పోనీలే, చిన్న మొత్తమే కదా’ అని కట్టేయడం అన్నివేళలా చవక బేరం కాదు.

శిక్షను బట్టి నిర్ణయం

చలానా చేతికి రాగానే చూడాల్సింది అందులో రాసిన సెక్షన్. కట్టాల్సిన మొత్తం కంటే అదే ముఖ్యం, ఎందుకంటే వెనక ఎంత పెద్ద శిక్ష పొంచి ఉందో సెక్షనే చెబుతుంది.

ప్రత్యేకంగా శిక్ష పేర్కొనని చిన్న ఉల్లంఘనలు 177వ సెక్షన్ కిందికి వస్తాయి. మొదటిసారి 500 రూపాయల వరకు, ఆ తర్వాత 1,500 వరకు జరిమానా. సీటు బెల్టు పెట్టుకోకపోతే 194బి కింద 1,000 రూపాయలు. హెల్మెట్ లేకపోతే 194డి కింద, బండి మీద ముగ్గురు వెళ్తే 194సి కింద 1,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంది. కారు అతివేగంగా నడిపితే 183వ సెక్షన్ కింద 1,000 నుంచి 2,000 రూపాయలు పడుతుంది.

ఇక్కడి నుంచి మెట్టు మారుతుంది. ఎర్రలైటు దాటడం, నడుపుతూ చేతిలో ఫోన్ వాడటం, ఎదురుదారిలో రావడం వంటివి ప్రమాదకరంగా నడపడం కిందికి వస్తే 184వ సెక్షన్ వర్తిస్తుంది. దానికి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. లైసెన్సు లేకుండా నడిపితే 181 కింద 5,000 రూపాయలు లేదా మూడు నెలల వరకు జైలు. మైనరు బండి నడిపి నేరం చేస్తే 199ఏ కింద సంరక్షకులకు లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చే దాకా లైసెన్సు అర్హత ఉండదు.

జరిమానాతో పోయే చలానాకు లాయరు ఫీజు చలానా కంటే ఎక్కువే కావచ్చు. జైలు మాట ఉన్న సెక్షన్ అయినా, లైసెన్సు పోయే ప్రమాదం ఉన్నా ఆ లెక్క వేరు. లైసెన్సు మీద బతికే క్యాబ్, ఆటో, లారీ డ్రైవర్లకు మూడు నెలల అనర్హత అంటే మూడు నెలల ఆదాయం పోయినట్టే.

చలానాలో వెతకాల్సినవి

ముందుగా ఆ చలానా అసలుదో కాదో తేల్చుకోవాలి. చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు, నకిలీ లింకులు పంపి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసాలు ఎక్కువయ్యాయి. వచ్చిన లింకును నొక్కకుండా, రాష్ట్ర పోలీసుల ఈ-చలానా వెబ్‌సైటులో గానీ కేంద్రం నడిపే పరివాహన్ ఈ-చలానా పోర్టల్‌లో గానీ బండి నంబరు కొట్టి చూసుకోవాలి. మోసపోయినట్టు తేలితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అసలుదే అయితే ఫొటో తెరిచి చూడాలి. నంబరు ప్లేటు స్పష్టంగా కనిపిస్తోందా, ఒక అంకె తప్పుగా చదివారా, ఫొటోలోని బండి రంగు, మోడల్ తమదేనా, తేదీ, సమయం, చోటు సరిపోతున్నాయా, రాసిన సెక్షన్‌కూ ఫొటోలో కనిపించే పనికీ పొంతన ఉందా అన్నవి పరిశీలించాలి. స్కూటరుకు సీటు బెల్టు చలానా రావడం లాంటి పొరపాట్లు ఇక్కడే బయటపడతాయి.

చిక్కు ఎక్కువగా వచ్చేది అమ్మేసిన బండ్లతో. బండి చేతులు మారినా ఆర్‌సీలో పేరు మారకపోతే చలానాలు పాత యజమానికే వస్తాయి. 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. చట్టం దృష్టిలో యజమాని అంటే రికార్డులో పేరున్నవారే. ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు 2018లో ఇదే చెప్పింది. అమ్మకం పత్రాలు, ఫారం 29, 30 నకళ్లు దాచుకున్నవారికి వాదన తేలికవుతుంది.

తమ నంబరును వేరే బండికి తగిలించుకొని ఎవరో తిరుగుతున్నారని అనుమానం వస్తే పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోవాలి. ఆ సమయంలో బండి వేరే చోట ఉందని చూపే ఫాస్టాగ్ రికార్డు, పార్కింగ్ రశీదు, సర్వీసింగ్ బిల్లు, సీసీ కెమెరా దృశ్యాలు ముందే సేకరించాలి. ఇంటి దగ్గరి, ఆఫీసు దగ్గరి కెమెరాల రికార్డులు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంటాయి కాబట్టి ఇందులో ఆలస్యం పనికిరాదు.

మొదట పోలీసుల దగ్గరే

పొరపాటు కంటికి కనిపించేదైతే కోర్టు దాకా వెళ్లనక్కరలేదు. ఈ-చలానా వెబ్‌సైట్లలో ఫిర్యాదుకు ఏర్పాటు ఉంటుంది. చలానా నంబరు, బండి నంబరు, పొరపాటు ఏమిటో రెండు మూడు వాక్యాల్లో రాసి, ఆర్‌సీ, బండి ఫొటోలు జత చేయాలి. జవాబు రాకపోతే ట్రాఫిక్ పోలీసు కార్యాలయానికి లిఖితపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. లైసెన్సు, ఆర్‌సీ, బీమా పత్రాలు దగ్గర లేవని రాసిన చలానాలు కూడా చాలావరకు ఇక్కడే తేలతాయి. డిజిలాకర్‌లో, ఎంపరివాహన్ యాప్‌లో ఉన్న పత్రాలు కాగితాలతో సమానంగా చెల్లుతాయి.

కెమెరాకు, స్పీడ్ గన్‌కు సంబంధించిన ధ్రువపత్రాలు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. ఇవన్నీ జరుగుతుండగా చలానా మీద రాసిన గడువు మాత్రం దాటనివ్వకూడదు.

చట్టంలో దొరికే పట్టు

తప్పు చేయలేదని చెప్పడం ఒక వాదన అయితే, చట్టం చెప్పిన పద్ధతిలో కేసు పెట్టలేదన్నది మరో వాదన. లాయర్లు సాధారణంగా వెతికేది ఈ రెండోదాని కోసమే.

అతివేగం, ప్రమాదకర డ్రైవింగ్ కేసులకు 209వ సెక్షన్ ఒక షరతు పెట్టింది. కేసు పెట్టే ఆలోచన ఉందని అక్కడికక్కడే హెచ్చరించి ఉండాలి. లేదా 14 రోజుల్లోగా నేరం వివరాలు, సమయం, చోటు రాసిన నోటీసు ఇచ్చి లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఉండాలి. లేదా 28 రోజుల్లోగా కోర్టు సమన్లు అంది ఉండాలి. ఇవేవీ జరగకపోతే శిక్ష వేయడానికి వీల్లేదు. చిరునామా ఎంత వెతికినా దొరక్కపోయినా, నిందితుడి తీరు వల్లే నోటీసు అందకపోయినా ఈ మినహాయింపు దక్కదు.

వేగం విషయంలో మరో రక్షణ ఉంది. బండి మితిమీరిన వేగంతో వెళ్లిందని ఒకే ఒక్క సాక్షి తన అభిప్రాయంగా చెబితే సరిపోదు. ఆ అంచనాకు ఏదైనా యంత్ర పరికరం ఆధారం ఉండాలని 183వ సెక్షనే చెబుతోంది.

కెమెరా చలానాలకు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 167ఏ వర్తిస్తుంది. 2021 ఆగస్టులో చేర్చిన ఈ నిబంధన ప్రకారం పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. కెమెరా ఉందని తెలిపే హెచ్చరిక బోర్డు పెట్టాలి. నేరం జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. తప్పునూ నంబరు ప్లేటునూ స్పష్టంగా చూపే ఫొటో, పరికరం కొలిచిన అంకె, తేదీ, సమయం, చోటు, వర్తించే సెక్షన్ అందులో ఉండాలి. కేసు తేలే వరకు ఆ రికార్డును భద్రపరచాలి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే దానికి ధ్రువీకరణ పత్రం జతచేయడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో తేల్చింది. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఈ పత్రం ఇస్తారు.

పాత చలానాలకు కాలపరిమితి వాదన ఉంది. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలలు దాటాక కోర్టు విచారణకు తీసుకోకూడదని భారతీయ నాగరిక సురక్షా సంహిత 514వ సెక్షన్ చెబుతుంది. ఏడాది వరకు జైలు ఉన్న నేరానికి ఆ గడువు ఏడాది. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉంది కాబట్టి, ఆరు నెలలు గడిస్తే చలానా దానంతటదే రద్దయిపోతుందనుకోవడం పొరపాటు.

కోర్టులో ఏం జరుగుతుంది?

రాజీ రుసుము కట్టకపోతే కేసు మెజిస్ట్రేటు ముందుకు వెళ్తుంది. కొన్ని రాష్ట్రాల్లో ముందుగా వర్చువల్ కోర్టు ఉంటుంది. 2019 జులైలో ఢిల్లీలో మొదలైన ఈ పద్ధతిలో ఆన్‌లైన్‌లోనే జరిమానా కట్టవచ్చు. ‘వాదిస్తాను’ అని ఎంచుకుంటే కేసు మామూలు కోర్టుకు బదిలీ అవుతుంది.

మామూలు కోర్టు నుంచి సమన్లు వస్తాయి. 208వ సెక్షన్ ప్రకారం జైలు శిక్ష లేని నేరాల్లో స్వయంగా రానక్కరలేదని, లాయరును పంపవచ్చని సమన్లలోనే రాయాలి. నేరం ఒప్పుకుంటూ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాసి, కోర్టు చెప్పిన మొత్తం పంపి ముగించుకునే వీలు కూడా ఉంది. సమన్లు అందాక ఏదీ చేయకుండా ఊరుకుంటే వారెంటు దాకా పోతుంది.

వాదించదలచినవారిని మెజిస్ట్రేటు నేరం ఒప్పుకుంటారా లేదా అని అడుగుతారు. లేదంటే వాయిదా వేసి విచారణ మొదలుపెడతారు. నేరం జరిగిందని రుజువు చేయాల్సిన భారం పోలీసులదే. చలానా రాసిన అధికారి సాక్ష్యం చెబుతారు. లాయరు ఆయనను క్రాస్ ఎగ్జామిన్ చేస్తారు. ఫొటో ఎవరు తీశారు, ఎంత దూరం నుంచి తీశారు, పరికరం ధ్రువపత్రం ఏది వంటి ప్రశ్నలకు సమాధానాలు రాకపోతే కేసు బలహీనపడుతుంది. ఆ తర్వాత తమ వైపు పత్రాలు, సాక్షులను చూపవచ్చు.

నష్టం వైపు కూడా చూసుకోవాలి. ఓడిపోతే కోర్టు రాజీ రుసుముకు కట్టుబడి ఉండదు. సెక్షన్ అనుమతించే గరిష్ఠ జరిమానా దాకా వేయవచ్చు, లైసెన్సుకు అనర్హత విధించవచ్చు. పని మానుకొని తిరగాల్సిన వాయిదాల ఖర్చు దీనికి అదనం.

డ్రంకెన్ డ్రైవ్ కేసులు

తాగి నడిపిన కేసుల్లో అక్కడికక్కడ రుసుము కట్టి బయటపడే వీలు లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉన్నట్టు పరీక్షలో తేలితే 185వ సెక్షన్ వర్తిస్తుంది. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు లేదా 15,000 రూపాయల జరిమానా లేదా రెండూ. నేరం ఒప్పుకుంటే రికార్డులో శిక్ష మిగిలిపోతుంది. ఉద్యోగాలకు, వీసాలకు దరఖాస్తు చేసేవారికి అది తర్వాత ప్రశ్నగా ఎదురు కావచ్చు. అందుకే ఇక్కడ లాయరుతో మాట్లాడకుండా కోర్టులో తలూపడం తెలివైన పని కాదు.

అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరిపించాలి, లేకపోతే కస్టడీ నుంచి విడిచిపెట్టాలి అని 202వ సెక్షన్ చెబుతుంది. బండిని ఆపుకునే విషయంలో తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో స్పష్టత ఇచ్చింది. డ్రైవరు తాగి ఉన్నాడన్న కారణంతో వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు లేదు. పక్కనున్నవారిలో తాగని, లైసెన్సు ఉన్న మనిషికి బండి అప్పగించాలి. ఎవరూ లేకపోతే బంధువులకు కబురు చేయాలి.

లాయరును పెట్టుకునేటప్పుడు

తన కేసు తానే వాదించుకునే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. నంబరు తప్పు చదివిన చలానా లాంటివాటికి ఆ మాత్రం చాలు. జైలు శిక్ష ఉన్న సెక్షన్, ప్రమాదంలో ఎవరికైనా దెబ్బలు తగిలిన కేసు, డ్రంకెన్ డ్రైవ్, మైనరు నడిపిన కేసు, లైసెన్సు జీవనాధారమైనవారి కేసు అయితే లాయరు అవసరం. చలానా, ఫొటో, సమన్లు, ఆర్‌సీ, లైసెన్సు, బీమా, పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు నకలు మొదటి రోజే తీసుకెళ్తే మాట్లాడటం సూటిగా సాగుతుంది. అదే కోర్టులో క్రిమినల్ కేసులు చేసే లాయరైతే అక్కడి పద్ధతులు తెలిసి ఉంటాయి.

వకాల్తా మీద సంతకం పెట్టే ముందు ఫీజు మొత్తం ఒకేసారా, వాయిదాకు ఇంతా అన్నది తేల్చుకోవాలి. గెలిస్తేనే ఫీజు అన్న ఒప్పందం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం చెల్లదు. కేసు కొట్టేయిస్తానని హామీ ఇచ్చేవారిని, కోర్టు గేటు దగ్గర ఎదురొచ్చే దళారులను నమ్మకూడదు. వచ్చినవారు నిజంగా లాయరేనా అన్న అనుమానం ఉంటే బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగవచ్చు.

ఉచిత న్యాయ సహాయం

ఫీజు ఇచ్చుకోలేనివారికి 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ఆసరా. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరుకు అర్హులు. మిగతావారికి రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి వర్తిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గానీ, మండల న్యాయసేవా కమిటీకి గానీ తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వవచ్చు. వాదించడానికి తగిన కారణం ఉందని సంస్థకు అనిపిస్తే ప్యానెల్ లాయరును కేటాయిస్తుంది. 15100కి ఫోన్ చేసినా సలహా దొరుకుతుంది.

ఈ సంస్థలే లోక్ అదాలత్‌లు నిర్వహిస్తాయి. రాజీకి వీలున్న కేసులను అక్కడ తక్కువ సమయంలో ముగించుకోవచ్చు. పేరుకుపోయిన చిన్న కేసులకు అది మంచి వేదికే. అయితే అక్కడ జరిగేది రాజీ. తప్పు చేయలేదని నిరూపించుకోదలచినవారికి అది సరిపడదు. రాజీకి వీల్లేని నేరాలు దాని పరిధిలోకి రావు. అదాలత్‌లో కుదిరిన పరిష్కారం మీద అప్పీలు కూడా ఉండదు.

తీర్పు తర్వాత

మెజిస్ట్రేటు శిక్ష వేస్తే 30 రోజుల్లోగా సెషన్స్ కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు. చాలా స్వల్ప జరిమానా కేసుల్లో అప్పీలు ఉండదు. నేరం ఒప్పుకున్నవారు శిక్ష మోతాదును, చట్టబద్ధతను మాత్రమే ప్రశ్నించగలరు. లైసెన్సును రవాణా శాఖ సస్పెండ్ చేయాలనుకుంటే 19వ సెక్షన్ ప్రకారం ముందుగా సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ నోటీసుకు రాతపూర్వకంగా జవాబివ్వడం ముఖ్యం, ఎందుకంటే తర్వాత వాదన అంతా దాని మీదే నిలుస్తుంది. ఉత్తర్వు వచ్చాక 30 రోజుల్లోగా పై అధికారికి అప్పీలు చేయవచ్చు. కేసు గెలిచినా, రాజీ పడినా, జరిమానా కట్టినా ఈ-చలానా పోర్టల్‌లో ఆ చలానా పెండింగు జాబితా నుంచి పోయిందో లేదో చూసుకోవాలి. పోకపోతే తీర్పు నకలు లేదా రశీదు జతచేసి తొలగించమని ట్రాఫిక్ పోలీసులకు రాయాలి.